రెండో గడి

రేగుమెట్ట జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి పిల్లలు నూట పద్దెనిమిది మంది. వాళ్ళలో ప్రతి ఒక్కరూ ఎవరి బలవంతమూ లేకుండా, తమంత తాముగా, ఆనందంగా ‘టెక్నాలజీ, ఇంజనీరింగు’ అనే సబ్జెక్టునే ఎంచుకోవాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. అలా ఎంచుకోని వాళ్ళ విషయంలో ఏ చర్యలు తీసుకోవాలో రెండో పేజీలో ఉంది.

ఆ ఉత్తర్వును స్టాఫ్ రూములో పైకి చదివింది కుట్టు టీచరు విజయగౌరి. చదవమన్నది హెడ్మాస్టరు సన్యాసినాయుడు గారు. ఆయనకు కళ్ళజోడు లేక కాదు. పైనుంచి వచ్చిన కాగితం ఏదైనా ముందు ఇంకొకరి నోట వింటే దెబ్బ కాస్త తక్కువ తగులుతుందని ఆయన నమ్మకం.

“‘నూతన శతాబ్దపు సవాళ్ళను ఎదుర్కొను నిమిత్తము తొమ్మిదవ తరగతి విద్యార్థులకు సంపూర్ణ ఎంపిక స్వేచ్ఛ కల్పించడమైనది. సదరు స్వేచ్ఛను విద్యార్థులు టెక్నాలజీ, ఇంజనీరింగు విద్య కొరకు మాత్రమే వినియోగించునట్లు ప్రధానోపాధ్యాయులు చర్యలు గైకొనవలెను. ఎంపిక పత్రములో రెండు గడులు ఉండును. మొదటి గడి: టెక్నాలజీ, ఇంజనీరింగు. రెండవ గడి: కుట్టుపని.’”

విజయగౌరి అక్కడ ఆగింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో తన సబ్జెక్టు పేరు ఒక ఉత్తర్వులో కనపడటం ఆమెకు అదే మొదలు. కాస్త సంతోషం కూడా వేసింది. ఆ సంతోషం తరువాతి వాక్యం దాకానే ఉంది.

“‘రెండవ గడి, ఎంపిక అనునది కలదని తెలియజేయుటకు మాత్రమే. దానిని ఎంచుకొనరాదు. రెండవ గడిలో విద్యార్థులు లేని పాఠశాలలందు కుట్టు టీచరు పోస్టును మిగులుగా పరిగణించి ఏజెన్సీ ప్రాంతమునకు సర్దుబాటు చేయవలెను. కుట్టు గదిని సాంకేతిక అవసరములకు స్వాధీనపరచుకొనవలెను.’”

తెలుగు మాస్టారు తన ముందున్న పకోడీ పొట్లాన్ని ఆమె వైపు జరిపాడు. ఆ బడిలో సంతాపం తెలపడానికి అదే పద్ధతి.

“ఏజెన్సీ అంటే ఎంతో దూరం కాదులెండి,” అన్నాడు హెడ్మాస్టరు. “రెండు బస్సులు, ఒక జీపు. ఆ పైన కాస్త నడక. ఆరోగ్యానికి మంచిది.”

“ఆ ముక్క నా మోకాళ్ళతో మీరే చెప్పండి సార్,” అంది విజయగౌరి.

నిజానికి ఆమె దిగులు మోకాళ్ళ గురించి కాదు, గది గురించి. కుట్టు గది అంటే పెద్ద వైభవమేమీ లేదు. బడి వెనక నీళ్ళ ట్యాంకు పక్కన ఒక చిన్న గది, రెండు కాలు మెషీన్లు, ఒక పొడుగు బల్ల. మెషీన్లలో ఒకటి కుడుతుంది. రెండోది తొమ్మిదేళ్ళుగా కుట్టినట్టు చప్పుడు చేస్తుంది, అంతే. అయినా ఆ బడి మొత్తానికి పిల్లలు చేత్తో ముట్టుకోగలిగిన యంత్రాలు ఆ రెండే. ఎనిమిదో తరగతి పిల్ల మొదటిసారి పెడలు మీద కాలు వేసి, చక్రం తిరగ్గానే అదిరిపడి, ఆ తరువాత తనే తిప్పానని తెలిసి నవ్వుతుందే, ఆ నవ్వు చూడటానికే విజయగౌరి ఇరవై రెండేళ్ళుగా బడికి వస్తోంది. జీతం కోసం కూడా అనుకోండి.

టెక్నాలజీకి యంత్రాలు లేవని కాదు. రెండేళ్ళ కిందట పధ్నాలుగు అట్టపెట్టెల నిండా వచ్చాయి. అవి హెడ్మాస్టరు గదిలో ఆయన కుర్చీ వెనక పేర్చి ఉన్నాయి. లోపల బొమ్మలను అచ్చుపోసే ప్రింటరుందని, ఒక చిన్న రోబో ఉందని బయట రాసి ఉంది. వాటిని విప్పకూడదు. వారంటీ ఉండగా విప్పితే వారంటీ పోతుంది. వారంటీ అయిపోయాక విప్పితే, ఏదైనా పాడైనప్పుడు బాగుచేసే దిక్కుండదు. పైగా సాంకేతిక పరికరం ఏదైనా సరే, బడికి చేరిన వెంటనే లక్కతో సీలు వేసి, ఆ సీలును కంటికి రెప్పలా కాపాడాలని నిబంధన. తనిఖీకి వచ్చినవాళ్ళు లోపల ఏముందో చూడరు, సీలు చూస్తారు. సన్యాసినాయుడు గారి సీళ్ళు జిల్లాలోకెల్లా నిండుగా, గుండ్రంగా ఉన్నాయని పోయినేడు ఆయనకు ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు.

ఎంపిక ముగియకముందే టెక్నాలజీ పాఠాలు మొదలయ్యాయి. లెక్కల మాస్టారు పిల్లల్ని వరుసగా హెడ్మాస్టరు గదిలోకి తీసుకెళ్ళి, పెట్టెల మీద ఉన్నది పైకి చదివించేవాడు. ‘ఈ వైపు పైకి’, ‘తడి తగలరాదు’, ‘బోర్లించరాదు’ అన్నవి వారం తిరక్కుండా అందరికీ కంఠతా వచ్చాయి. రోబో పెట్టె మీద ఎన్ని పెట్టెలు పేర్చవచ్చునని పరీక్షలో అడిగితే క్లాసంతా తడుముకోకుండా ‘మూడు’ అని రాసింది.

ఎంపికకు ఒక యాప్ ఉంది. పిల్లవాడు మొదటి గడిలో టిక్కు పెడుతూ చిరునవ్వు నవ్వుతున్న ఫోటో అందులో ఎక్కించాలి. నవ్వు చాలకపోతే ‘స్వచ్ఛందత లోపించినది’ అని తెర ఎర్రబడుతుంది. డ్రిల్లు మాస్టారు పిల్లల్ని ఎండలో నిలబెట్టి, “నవ్వండ్రా! పళ్ళు కనపడాల! స్వేచ్ఛగా నవ్వకపోతే ఈపు పగిలిపోద్ది!” అని మూడు రోజులు గొంతు చించుకున్నాడు. సైకిలు మీంచి పడి ముందు పళ్ళు రెండు ఊడగొట్టుకున్న ఒక కుర్రాడి నవ్వును యాప్ పదకొండుసార్లు తిప్పికొట్టింది. పన్నెండోసారి వాడు భోరుమంటే, ఆ ఏడుపును నవ్వుగా ఒప్పుకుంది.

విజయగౌరి ఇదంతా కుట్టు గది కిటికీలోంచి చూస్తూ కత్తెరలు, టేపులు, దారపు ఉండలు ఒక్కొక్కటే సంచిలో సర్దుకుంటోంది. మూడో రోజు సాయంత్రం హెడ్మాస్టరు రొప్పుకుంటూ గదిలోకి వచ్చాడు.

“విజయగౌరి గారూ, ఆ పిల్లకేం మందు పెట్టేరండీ మీరు?”

“ఏ పిల్లకి సార్?”

“బెవర దమయంతికి! రెండో గడిలో టిక్కు పెట్టింది. నవ్వుతూ మరీ పెట్టింది. యాప్ పచ్చగా చూపిస్తంది!”

విజయగౌరి చేతిలో ఉన్న టేపును సంచిలో వెయ్యకుండా బల్ల మీద పెట్టేసింది. దమయంతి ఆమెకు బాగా తెలుసు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. నిరుడు చేతిరుమాలు అంచు కుట్టమంటే, ఆ కుట్టు ఒక మూల బయల్దేరి దారి తప్పి మధ్యలో ఎక్కడో ఆగిపోయింది. అంత అధ్వాన్నంగా కుట్టినవాళ్ళు ఈ ఇరవై రెండేళ్ళలో ఇంకొకరు లేరు. కుట్టుపనిని కోరి ఎంచుకోవాల్సిన పిల్లల్లో ఆమె నూట పద్దెనిమిదోది.

దమయంతిని హెడ్మాస్టరు గదిలోకి పిలిచారు. ముద్దాయి తరఫు మనిషిగా విజయగౌరి కూడా వెళ్ళి నిలబడింది.

“అమ్మా,” అన్నాడు హెడ్మాస్టరు ఎంతో మృదువుగా, “నీకు పూర్తి స్వేచ్ఛ ఉంది. దాన్నిలా ఎందుకు పాడుచేసుకుంటన్నావు?”

“నాకు మిషిను కావాలండి,” అంది దమయంతి.

“టెక్నాలజీ తీసుకుంటే పధ్నాలుగు పెట్టెల మిషిన్లున్నాయి కదమ్మా!”

“ఇప్పుతారేటండి?”

హెడ్మాస్టరు వెనక్కి తిరిగి పెట్టెల వైపు చూశాడు. సీళ్ళ వైపు ఇంకాస్త ప్రేమగా చూశాడు. “ఇప్పడమంటే... దానికొక ప్రొసీజరు ఉంటది.”

“కుట్టు మిషినికి ప్రొసీజరు నేదండి. స్క్రూ తిప్పితే వొచ్చెత్తాది.”

“ఏ స్క్రూ?” అని విజయగౌరి ఉలిక్కిపడింది.

అప్పుడు బయటపడింది. ఆర్నెల్లుగా ఆ పిల్ల మధ్యాహ్నం అన్నం తినేసి కుట్టు గదిలో దూరి, చప్పుడు చేసే మెషీనును విప్పుతోంది, బిగిస్తోంది. ఆ చప్పుడులో ఈ మధ్య ఏదో తేడా వచ్చిందని విజయగౌరికి అనిపిస్తూనే ఉంది, తన చెవులకే వయసొచ్చిందనుకుని ఊరుకుంది.

“మా నాన్న జూటు మిల్లుల ఫిట్టరండి,” అంది దమయంతి. “మిల్లు మూసేసినకాడ్నించి బోరు మోటార్లు బాగుసేత్తాడు. నానొత్తే సామాన్లన్నీ దాసేత్తాడండి. ఆడగుంటకి గ్రీజెందుకే అంటాడు. కుట్టు మిషినొక్కటే కదండీ, ఆడగుంటని ముట్టుకోమని మీరే సెప్తారు. అందుకని ఆ గడిలో టిక్కెట్టేను.”

ఇన్నేళ్ళూ పిల్లలకు తను నేర్పింది కుట్టు అనుకుంది విజయగౌరి. ఎక్కడా దొరకని ఒక తలుపు ఈ పిల్లకు తన గదిలో దొరికిందని, దానికి తను ఊరికే తాళంచెవి పట్టుకుని కూర్చున్నానని ఆమెకు ఆ క్షణాన తెలిసింది. తన ఉద్యోగం సంగతి పక్కనపెడితే, ఆ గది పోకూడదని గట్టిగా అనుకుంది.

మర్నాడు మండల విద్యాధికారి దిగాడు. మొదటి గడిలో బడి శాతం తొంభై తొమ్మిది పాయింటు ఒకటి అయిదు దగ్గర ఆగిపోయింది. దాంతో మండలం ఆగింది, మండలంతో జిల్లా ఆగింది. ఆయన చంకలో ‘స్వేచ్ఛా ఎంపికకు ఒప్పించు విధానము’ అనే పుస్తకం ఉంది. ముందు ప్రేమతో, తరువాత తర్కంతో, ఆ తరువాత తల్లిదండ్రులతో ఒప్పించాలని అందులో రాసి ఉంది. ప్రేమ, తర్కం కలిపి పావుగంటలో అయిపోయాయి. తల్లిని పిలిపించారు.

ఆమె జీడిపిక్కల ఫాక్టరీలో పనిచేస్తుంది. పని మధ్యలో వచ్చినట్టుంది, వేళ్ళు నల్లగా జీడి మరకలతో ఉన్నాయి.

“బావూ, మా గుంట తప్పేటి సేసింది?” అంది గుమ్మంలోనే.

“ఏ తప్పూ చెయ్యలేదమ్మా,” అన్నాడు మండల విద్యాధికారి. “ స్వేచ్ఛగా ఎంచుకున్నది. సమస్య అదే.”

“ఎంచుకోమన్నారని సెప్పింది బావూ.”

“అన్నాం. మొదటి గడి ఎంచుకోవాలి.”

“మరి రెండోదెందుకెట్టేరు?”

“ఎంపిక ఉండాలి కదమ్మా! ఒక్కటే గడి పెడితే అది ఎంపిక ఎలా అవుతుంది? ప్రభుత్వం మీద మాట రాదూ?”

“అయితే అదీ ఎంచుకోవొచ్చు గదా.”

“అది ఎంచుకునే గడి కాదమ్మా. ఉండే గడి.”

“మా ఫాక్టరీల ఆడోళ్ళకని ఒక కుర్సీ ఏసేరు బావూ,” అంది ఆ తల్లి. “కూకోమని కాదు, ఆపీసర్లొచ్చినప్పుడు సూపెట్టడానికి. అలాటిదేనేటి?”

మండల విద్యాధికారి పుస్తకం మూసేశాడు.

అప్పటికి రాజధానిలో ‘నూటికి నూరు శాతం’ అని పెద్ద పెద్ద బోర్డులు రాయించేశారు. పండగకు ముహూర్తం కూడా పెట్టేశారు. రాష్ట్రమంతా కలిపి ఒకే ఒక్క పిల్ల మిగిలింది. ఆ పిల్ల మనసు మారాలంటే చుట్టూ సాంకేతిక వాతావరణం కల్పించాలని నిపుణుల సంఘం సూచించింది. రేగుమెట్ట బడిలో రాత్రికి రాత్రి అన్నిటికీ పేర్లు మారాయి. తెలుగు మాస్టారు సంధులు చెప్పడం మాని ‘పద సంధాన ఇంజనీరింగు’ చెప్పసాగాడు, అవే సంధులు. కబడ్డీ ‘మానవ చలన యాంత్రికం’ అయింది. గంట కొట్టే అటెండరు ‘శబ్ద సంకేత నిర్వాహకుడు’ అయ్యాడు. మధ్యాహ్న భోజనం వండే ఆవిడకు ‘ఉష్ణ సాంకేతిక నిపుణురాలు’ అని బిళ్ళ తగిలించారు. “పేరు మారిత్తే మార్సేరు గానీ, గుడ్లెప్పుడొత్తాయో కనుక్కోండి బావూ,” అంది ఆమె. కుట్టుపని ఒక్కటి మాత్రం కుట్టుపనిగానే ఉండిపోయింది. రెండో గడిలో ఏదో ఒకటి ఉండాలి కదా.

ఆ వారంలోనే మండల విద్యాధికారి విజయగౌరిని పక్కకు పిలిచాడు.

“మీ మాటైతే ఆ అమ్మాయి వింటుంది. టిక్కు మార్పించారనుకోండి, మిమ్మల్ని ఏజెన్సీకి పంపే అవసరం ఉండదు. పక్క ఊళ్ళోనే సర్దుబాటు చేయిస్తాను. మీ సేవలను ప్రభుత్వం సానుకూలంగా పరిగణిస్తుంది.”

“మార్పించకపోతే?”

“మీ సేవలను పరిగణిస్తుంది,” అన్నాడాయన.

విజయగౌరి కుట్టు గది వైపు నడిచింది. పక్క ఊరంటే ఆటోలో పావుగంట. ఏమని మొదలుపెట్టాలో దారిలో రెండు మూడు విధాల అనుకుంది కూడా. లోపల దమయంతి రెండో మెషీనును వెనక్కి వాల్చి, దాని కింద తల పెట్టి చూస్తోంది. చెవి మీద గ్రీజు మరక ఉంది.

“టీచరండీ, దొరికిందండి!” అంది తల ఎత్తకుండానే. “సూది దారాన్ని కిందికి దించుతాది గానీ, కింద రెండో దారమున్న షటిలు దాన్ని అందుకోడానికి ఆలీసంగా వొత్తందండి. తొమ్మిదేళ్ళ బట్టి ఒకదాన్నొకటి తప్పిపోతన్నాయి పాపం. రెండిటినీ ఒక టైముకి కలిపితే కుట్టు పడుద్ది. ఎందుకండీ వొచ్చేరు?”

“స్క్రూడ్రైవరు చిన్నది కావాలా అని అడుగుదామనొచ్చేను,” అంది విజయగౌరి.

ఇక లాభం లేదని ఎంపికల సంచాలకుల వారే రాజధాని నుంచి స్వయంగా బయల్దేరారు. మూడు కార్లు, ఒక వ్యాను, వెనక విలేకరులు. సన్యాసినాయుడు గారు పెట్టెలన్నిటికీ దుమ్ము తుడిపించి, సీళ్ళకు కొబ్బరినూనె రాయించాడు. సంచాలకులు దండ వేయించుకుని, పెట్టెలను దూరం నుంచే చూసి తృప్తిగా తలాడించి, నేరుగా కుట్టు గదికి వచ్చారు.

బల్ల మీద దినపత్రిక పరిచి ఉంది. దాని మీద మెషీను లోపలి భాగాలు చిన్నవి చిన్నవిగా, ఒక వరుసలో సర్ది ఉన్నాయి. దమయంతి ఒక్కొక్కటే తీసి లోపల పెడుతోంది. విజయగౌరి పక్కనే నిలబడి స్క్రూడ్రైవరు అందిస్తోంది.

“ఏం చేస్తున్నావమ్మా?” అన్నారు సంచాలకులు.

దమయంతి సూది సంగతి, షటిలు సంగతి మళ్ళీ మొదటినుంచీ చెప్పింది.

సంచాలకుల ముఖం వెలిగిపోయింది. “అంటే రెండు చలన భాగాల మధ్య సమయ సమన్వయ లోపం! దీన్నేమంటారో తెలుసా?”

“మిషిను సెడిపోడం అంటారండి.”

“ఇంజనీరింగు అంటారమ్మా, ఇంజనీరింగు!” అని ఆయన విలేకరుల వైపు తిరిగారు. “చూశారా! ఈ బాలిక టెక్నాలజీని తిరస్కరించలేదు. కుట్టుపని రూపంలో ఎంచుకున్నది. లోపం బాలికలో లేదు, గడిలో ఉంది. రాసుకోండి. ‘కుట్టుపనిని తక్షణమే వస్త్ర సంధాన ఇంజనీరింగుగా పరిగణించడమైనది. అందుచేత రెండవ గడిని ఎంచుకొన్నవారును మొదటి గడిని ఎంచుకొన్నట్లే.’ ఇప్పుడు శాతమెంత?”

“నూరండీ!” అన్నాడు మండల విద్యాధికారి. హెడ్మాస్టరు కళ్ళు తుడుచుకున్నాడు. చప్పట్లు ఆగకుండా మోగాయి.

“మీరిక కుట్టు టీచరు కారమ్మా,” అన్నారు సంచాలకులు విజయగౌరితో. “ఇంజనీరింగ్ బోధకురాలు. మీ పోస్టు ఇక్కడే. గదీ ఇక్కడే.”

విజయగౌరికి నిజంగానే ఏడుపొచ్చింది. ఆనందం పట్టలేక దమయంతిని దగ్గరికి తీసుకుంది. గది నిలిచింది, తను నిలిచింది, ఆ పిల్లకు మెషీను మిగిలింది. ఇంతకంటే ఇంకేం కావాలి అనుకుంది. సరిగ్గా అప్పుడే మండల విద్యాధికారి చిన్నగా దగ్గాడు.

“సార్, కుట్టుపని ఇంజనీరింగు అయింది కనక... ఈ మెషీన్లు సాంకేతిక పరికరాలు అయినట్టే కదండీ?”

“నిస్సందేహంగా.”

“మరి వీటికి సీలు లేదండి.”

సంచాలకుల ముఖం గంభీరంగా మారింది. సీలు లేని సాంకేతిక పరికరం పక్కన నిలబడి ఆయన అప్పటికే ఆరు ఫోటోలు దిగి ఉన్నారు.

ఆ తరువాత జరగాల్సినవన్నీ చకచకా జరిగిపోయాయి. సన్యాసినాయుడు గారు పరుగున వెళ్ళి లక్క, కొవ్వొత్తి, ముద్ర తెచ్చాడు. మిగిలిన భాగాలు గబగబా బిగిస్తూ దమయంతి, “ఒక్క నిమిసం ఉండండి సార్, దారం ఎక్కించి సూత్తాను. కుట్టు పడతాదో నేదో సూత్తాను,” అంటూనే ఉంది.

“సీలు వేశాక చూసుకోవచ్చమ్మా,” అన్నారు సంచాలకులు ఆప్యాయంగా.

రెండు మెషీన్లనూ మూతపెట్టి, గుడ్డ చుట్టి, తాడు కట్టి, ముడి మీద సీలు వేశారు. సీలు నిండుగా, గుండ్రంగా కుదిరింది. ‘సీలు సంరక్షకురాలు’ అన్నచోట విజయగౌరి చేత సంతకం పెట్టించారు. ఆమె పెట్టింది. పెట్టనంటే ఏమయ్యేదో ఆమెకు తెలుసు. కానీ పెట్టేటప్పుడు దమయంతి వైపు చూడలేకపోయింది. అందుకు ఆమె సిగ్గుపడింది. కార్లు వెళ్ళిపోయాయి, రాజధానిలో పండగ ఘనంగా జరిగిందని పేపర్లో పడింది.

సోమవారం మధ్యాహ్నం విజయగౌరి కుట్టు గదిలో ఒక్కతే కూర్చుని ఉంది. గుమ్మం మీద ‘వస్త్ర సంధాన ఇంజనీరింగు’ అని కొత్త బోర్డు మెరుస్తోంది. రోజుకు రెండుసార్లు సీలు చూసి, చెక్కుచెదరలేదని రాసి సంతకం పెట్టాలి. ఆమెకున్న పనల్లా అదే. దమయంతి అన్నం తిని వచ్చి, లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడింది.

“రావే. గది మనదే కదా,” అంది విజయగౌరి.

“ఒద్దండి.” ఆ పిల్ల మూటలా ఉన్న మెషీను వైపు చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు. విజయగౌరికి అదే భరించడం కష్టంగా ఉంది. “టీచరండీ, కుట్టు పడిందో నేదో అదొక్కటీ తెల్దండి. అన్నం తింటన్నా అదే గేపకం వొత్తంది.”

ఇరవై రెండేళ్ళుగా పిల్లల చేతుల్లో మెషీన్లు పెట్టిన విజయగౌరి, ఇప్పుడు పిల్లల చేతులు పడకుండా వాటికి కాపలా కూర్చుంది. ఈ ఉద్యోగం నిలబడిందనా తను అంత సంబరపడింది? ఒళ్ళు మండింది. ఎవరి మీదో కాదు, తన మీదే. లేచి వెళ్ళి సొరుగులోంచి పెద్ద కత్తెర తీసింది. గుడ్డలు కత్తిరించినంత తేలిగ్గా తాడు తెగింది. లక్క మాత్రం కాస్త మొరాయించి, నాలుగు ముక్కలైంది.

“టీచరండీ! మీ సంతకం ఉన్నాది కదండీ!”

“ఉంది. సంతకం పెట్టినదాన్నే కోసేను. దారం ఎక్కించు.”

దమయంతి దారం ఎక్కించింది. కింద దారం చుట్టిన బాబిన్ పెట్టింది. గుడ్డముక్క సూది కింద పెట్టి, పెడలు తొక్కింది. తొమ్మిదేళ్ళ పాత మొరటు చప్పుడు కాదు, కొత్తగా, సన్నగా, ఆగకుండా టకటకమంది. సూది వెనక నుంచి కుట్టు వరుసగా బయటికి వస్తోంది.

ఆ చప్పుడుకు హెడ్మాస్టరు వచ్చాడు. గుమ్మంలో నిలబడి బల్ల మీది లక్క ముక్కలు చూశాడు. “నేను వేసిన సీలండీ అది!” అన్నాడు, దాదాపు ఏడుపు గొంతుతో.

“చాలా అందంగా వేసేరు సార్,” అంది విజయగౌరి. “మెమో ఇస్తే ఇవ్వండి. ఏజెన్సీకే పంపుతారో ఎక్కడికి పంపుతారో పంపండి. ముందొకసారి ఇటు చూడండి.”

సన్యాసినాయుడు గారు దగ్గరికి వచ్చి గుడ్డ అంచు పట్టుకుని చూశాడు. వేలితో కుట్టు మీద రాసి చూశాడు. తన సర్వీసులో బడికి వచ్చిన యంత్రాలను ఆయన ఎన్నో చూశాడు. బడిలో బాగుపడిన యంత్రాన్ని చూడటం ఇదే మొదలు.

“ఈ పిల్లే చేసిందా?”

“ఒక్కతే చేసింది.”

ఆయన జేబులో ఫోను మోగింది. మండల విద్యాధికారి. సీళ్ళ స్థితి రోజూ ఈ వేళకే అడుగుతాడు. విజయగౌరి చెయ్యి కత్తెర మీదే ఉండిపోయింది. దమయంతి తొక్కడం ఆపబోయింది. హెడ్మాస్టరు ఒక్క క్షణం తటపటాయించి, ఆపొద్దని చేత్తో సైగ చేసి, బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. ఆయన గొంతు లోపలికి వినిపిస్తోంది.

“ఆఁ, చెప్పండి సార్... చాలా భద్రంగా ఉన్నాయండి... ఎవరూ ముట్టుకోలేదండి... చప్పుడా? అదా... వానండి... మీ దగ్గర చుక్క కూడా లేదా? చిత్రంగా ఉందే... లేదు సార్, మాకిక్కడ చాలా జోరుగా పడతంది. ఇప్పట్లో తగ్గేలా లేదండి.”